ఇంటి పాడికి పాలు పితికే మిషన్: ఏది కొనాలి, ఎలా కడగాలి

ఒక్క గేదె పాలు తీసినా, ఎనిమిది గేదెల పాలు తీసినా మిషన్ కడిగే పని మాత్రం ఒకటే. పూటకు 40 లీటర్ల దాకా నీళ్లు, అందులో కొన్ని వేడివి, 20 నుంచి 25 నిమిషాల సమయం కావాలి. అందుకే పాలిచ్చే పశువులు ఒకటో రెండో ఉన్న ఇంటికి మిషన్ దండగ. చేత్తో పితికేసి చెంబు కడుక్కోవడమే తొందరగా తెములుతుంది. నాలుగైదు పశువులు పాలమీద ఉంటే, లేదా పితికే మనిషికి వేళ్ల నొప్పులు పట్టుకుని కూలికి ఎవరూ దొరక్కపోతే అప్పుడు ఆలోచించాలి. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా గంటకు ఎన్ని పశువుల పాలు తీస్తుందని కాదు. ఇంట్లో రెండుపూటలా దీన్ని కడిగేది ఎవరు? ఆ మనిషిని వెంటబెట్టుకుని షాపుకి వెళ్లండి.

లోపల జరిగేది

మోటారు తిప్పే పంపు గాలిని లాగేస్తుంది. ఆ లాగుడు (వాక్యూమ్) బకెట్‌లోకి, అక్కడి నుంచి పాల గొట్టం ద్వారా నాలుగు కప్పుల్లోకి వస్తుంది. ఒక్కో కప్పులో బయట స్టీలు గొట్టం, లోపల రబ్బరు లైనర్ ఉంటాయి. లైనర్ లోపల ఎప్పుడూ లాగుడు ఉంటుంది. లైనర్‌కీ స్టీలు గొట్టానికీ మధ్య ఉన్న ఖాళీలో మాత్రం పల్సేటర్ ఒకసారి గాలి లాగి, ఒకసారి వదులుతుంది. లాగినప్పుడు లైనర్ తెరుచుకుని పాలు వస్తాయి. వదిలినప్పుడు లైనర్ ముడుచుకుని చన్నును నొక్కి, కిందికి దిగిన రక్తాన్ని పైకి పంపుతుంది. ఈ ముడుచుకోవడం సరిగ్గా జరగకపోతే చన్ను కొస వాచి గట్టిపడుతుంది. పొదుగువాపుకు దారి అక్కడే పడుతుంది.

నాలుగు కప్పుల పాలు కలిసే చిన్న గిన్నెను క్లా అంటారు. దాని పక్కన గుండుసూది మొన పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది. చాలామంది దాన్ని తయారీలో లోపం అనుకుని ఎంసీల్ పెట్టి మూసేస్తారు. ఆ రంధ్రంలోంచి వచ్చే కొద్దిపాటి గాలే పాలను బకెట్ వైపు తోస్తుంది. అది మూసుకుపోతే క్లా నిండి, పాలు తిరిగి చన్నులను తడుపుతాయి. ఒక చన్నులో ఉన్న రోగం మిగతా మూడింటికీ అంటేది అలాగే.

గేదెకు వేరు, ఆవుకు వేరు

మిషన్లలో చాలావరకు మొదట ఆవు కోసం తయారైనవే. మన దగ్గర పాడి అంటే సగానికి పైగా ఇళ్లలో గేదే. గేదె చన్ను పొడవు, లావు. పాలధార రంధ్రం బిగుతుగా ఉంటుంది కాబట్టి కొంచెం ఎక్కువ లాగుడు కావాలి. జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులకు 40 నుంచి 44 కిలోపాస్కల్ సరిపోతుంది. లాగుడు చూపే గేజీ మీద అంగుళాలుంటే 12 నుంచి 13, మిల్లీమీటర్లుంటే 300 నుంచి 330. ముర్రా, గ్రేడెడ్ ముర్రా గేదెలకు 48 నుంచి 52 కిలోపాస్కల్, అంటే 14 నుంచి 15 అంగుళాలు, లేదా 360 నుంచి 390 మిల్లీమీటర్లు. పాలు తొందరగా వస్తాయని 55 కిలోపాస్కల్ దాటించకండి. పాలు పెరగవు, చన్నులు పాడవుతాయి. పల్సేటర్ కొట్టుడు ఆవుకు నిమిషానికి 60, గేదెకు 60 నుంచి 70. తెరిచి ఉండే సమయం, మూసి ఉండే సమయం 60:40 పాళ్లలో ఉండాలి.

కాబట్టి షాపువాడిని ముందుగా "గేదె లైనర్లు, గేదె క్లస్టర్ ఉన్నాయా?" అని అడగండి. క్లా, దాని నాలుగు కప్పులు కలిపి క్లస్టర్. గేదె క్లస్టర్ కాస్త బరువుగా, లైనర్ నోరు కొంచెం వెడల్పుగా ఉంటాయి. ఆవు లైనర్ గేదెకు పెడితే పక్కనుంచి గాలి పీల్చి కిర్రుమంటుంది, లేదా జారి కింద పడుతుంది. ఇంట్లో గేదెలు, జెర్సీలు రెండూ ఉంటే రెండు క్లస్టర్లు కొనుక్కోవడం, పశువు మారినప్పుడల్లా లాగుడును అదుపుచేసే రెగ్యులేటర్‌ను సరిచేయడం తప్పదు. ఆ ఓపిక లేకపోతే ఎక్కువ ఉన్న జాతికి మిషన్ సరిచేసుకుని, మిగతా వాటిని చేత్తో పితకండి.

పంపు, బకెట్, కరెంటు

తోపుడు బండి (ట్రాలీ) మీద బిగించి వచ్చే చిన్న మిషన్లలో మూడు రకాల పంపులు దొరుకుతాయి.

పిస్టన్ రకం అన్నింటికన్నా చవక. పిస్టన్ ముందుకీ వెనక్కీ ఆడటమే కొట్టుడు, చాలావాటికి వేరే పల్సేటర్ ఉండదు. భాగాలు తక్కువ కాబట్టి ఊళ్లో మెకానిక్ బాగుచేయగలడు. కానీ లాగుడు నిలకడగా ఉండదు, పాల తేమ సిలిండర్‌లోకి పోతుంది, కొట్టుడు వేగం మన చేతిలో ఉండదు. రెండు మూడు ఆవులకైతే నడుస్తుంది. ఎక్కువ పాలిచ్చే ముర్రాకు వద్దు.

ఆయిల్‌తో నడిచే రోటరీ పంపు నిలకడగా లాగుతుంది, శ్రద్ధగా చూసుకుంటే ఏళ్లు వస్తుంది. ఆయిల్ మట్టం చూడటం మరిచిపోతే మాత్రం లోపలి రెక్కలు అరిగి పట్టేస్తుంది. దీని పొగగొట్టం నుంచి ఆయిల్ తుంపర వస్తుంది. గొట్టాన్ని కొట్టం బయటికి పెట్టాలి, లేకపోతే ఆ వాసన పాలకు పడుతుంది.

ఆయిల్ అక్కర్లేని పొడి పంపులో గ్రాఫైట్ రెక్కలు ఉంటాయి. పని తక్కువ, శబ్దం ఎక్కువ. దీనికి నీళ్లు శత్రువు. బకెట్ పొంగి ఒక్కసారి నీళ్లో పాలో లోపలికి పోయాయంటే రెక్కలు మార్చాల్సిందే.

నాలుగు నుంచి ఎనిమిది పశువులకు ఒకే బకెట్, ఒకే క్లస్టర్ ఉన్న రోటరీ మిషన్, ముప్పావు లేదా ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు చాలు. రెండు క్లస్టర్లు కావాలంటే పంపు సామర్థ్యం కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. ఒక క్లస్టర్ పంపుకే రెండో గొట్టం తగిలించి అమ్మేవాళ్లున్నారు. షాపులోనే పరీక్షించండి. కప్పులన్నీ మూసి మోటారు వేసి, గేజీ ఎక్కాక ఒక కప్పు నోరు తెరవండి. ముల్లు కాస్త పడి, మూయగానే వెంటనే లేవాలి. ఒక్క కప్పుకే సగానికి పడిపోయిందంటే, పాలు తీస్తుండగా ఒక కప్పు జారితే మిగతా మూడూ ఊడిపడతాయి. తర్వాత బొటనవేలు లైనర్‌లో పెట్టి నిమిషం పాటు లెక్కబెట్టండి. నాలుగు కప్పుల్లోనూ పట్టు, విడుపు స్పష్టంగా తెలియాలి.

బకెట్ స్టెయిన్‌లెస్ స్టీలుదే, 304 రకమే తీసుకోండి. అల్యూమినియం బకెట్ తేలిక, చవక. కానీ వాషింగ్ సోడా దాన్ని తినేస్తుంది, గుంతలు పడ్డ చోటల్లా పాలు పేరుకుంటాయి. అయస్కాంతం పెట్టి చూసి "అంటుకోలేదు, 304 అన్నమాట" అనడం సరికాదు. నాసిరకం 202 స్టీలుకు కూడా అయస్కాంతం దాదాపు అంటదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే దారి. బకెట్ నోరు మీ చెయ్యి మోచేయి దాకా పట్టేంత ఉండాలి, లోపలి అడుగు మూలలు గుండ్రంగా ఉండాలి. క్లా పైభాగం పారదర్శకంగా ఉన్నది తీసుకోండి. పాలు ఆగాయో లేదో కంటికి కనిపిస్తుంది, మురికీ కనిపిస్తుంది.

మోటారుకు ఎర్తింగ్, లైనుకు ఎర్త్ లీకేజీ బ్రేకర్ తప్పనిసరి. తడి నేల మీద నిలబడ్డ పశువుకు మనకు తెలియనంత చిన్న కరెంటు తగిలినా బెదురుతుంది, చేపదు (పాలు దించదు). "మిషన్ అంటే మా గేదెకు పడదు" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే. కరెంటు పోయినప్పటి మాటా ముందే తేల్చుకోండి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి ఇంట్లో ఫ్యాన్లు నడిపే ఇన్వర్టర్ దీన్ని మోయదు. చిన్న జనరేటర్ ఉండాలి, లేదంటే ఇంట్లో ఒకరికైనా చేత్తో పితికే అలవాటు పోకుండా చూసుకోవాలి.

పెట్టడం, తీయడం

గేదె పొదుగులో పితకడానికి సిద్ధంగా ఉండే పాలు బహు కొద్ది, సుమారు 5 శాతం. మిగతావి చేపితేనే దిగుతాయి. దూడను వదిలో, చేత్తో నిమిరో, దాణా పెట్టో చేపించాలి. దానికి రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. చన్నులు నిండుగా ఉబ్బాకే కప్పులు తగిలించాలి. ఖాళీ చన్నుకు తగిలిస్తే కప్పు పైకి పాకి, పొదుగు నుంచి చన్నులోకి వచ్చే దారినే నొక్కేస్తుంది. చేపడం కోసం ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ జోలికి పోకండి.

తగిలించేముందు ఒక్కో చన్ను నుంచి రెండు మూడు ధారలు నల్లటి గిన్నెలోకి పిండి చూడండి. తరకలు, నీళ్ల పాలు, రక్తపు చారలు కనిపిస్తే ఆ పశువుకు ఆ పూట మిషన్ పెట్టొద్దు. దాన్ని ఆఖర్న చేత్తో పితికి, ఆ పాలు వేరుగా పారబోయండి. చన్నులు కడిగాక ఒక్కో పశువుకు ఒక్కో గుడ్డతో పూర్తిగా తుడవాలి. తడి చన్ను మీద లైనర్ జారుతుంది, మురికినీళ్లు పాలలోకి పోతాయి.

ధార సన్నబడగానే క్లాను నెమ్మదిగా కిందికి నొక్కి అర నిమిషం ఉంచండి. ఆఖరు పాలలోనే వెన్న ఎక్కువ. ముందే తీసేస్తే పాలకేంద్రంలో వెన్న శాతం తగ్గి, మిషన్ వల్ల వెన్న పోయిందని అపవాదు వస్తుంది. ధార ఆగాక వాక్యూమ్ మూసి, రెండు మూడు క్షణాలాగి, కప్పులు వాటంతట అవి వదిలాక తీయండి. లాగి పీకకూడదు. వెంటనే చన్నులను టీట్ డిప్ మందులో ముంచండి. 5 శాతం పొవిడోన్ అయోడిన్ ద్రావణమూ పనికొస్తుంది. తర్వాత అరగంట పశువు పడుకోకుండా గడ్డి వేయండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

కడగడం: పూటపూటా

ఆఖరి పశువు పాలు తీసిన పది నిమిషాల్లో మొదలుపెట్టాలి. ఎండిన పాలు మళ్లీ వదలవు.

మొదట గోరువెచ్చని నీళ్లు, 40 డిగ్రీల దగ్గర. 8 లీటర్ల పంపునీళ్లలో 2 లీటర్ల మరిగే నీళ్లు కలిపితే సరిపోతుంది. చన్నీళ్లు పోస్తే వెన్న గొట్టం గోడకు గడ్డకడుతుంది. ముందే మరిగే నీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు ఉడికి అంటుకుంటాయి. మోటారు వేసి, నాలుగు కప్పులను వేరే బక్కెట్టులోని ఈ నీళ్లలో ముంచి లాగించండి. మధ్యమధ్యలో క్షణం పైకెత్తి మళ్లీ ముంచండి. గాలి, నీళ్లు కలిసి పరుగెత్తితేనే గొట్టం గోడలు రాసినట్టు శుభ్రమవుతాయి, ఊరికే నిండుగా పారే నీళ్లు పైపైన పోతాయి. మిషన్ బకెట్‌లో సగానికి మించి నీళ్లు చేరనివ్వకండి, పంపులోకి పోతాయి. వచ్చే నీళ్లు తెల్లదనం పోయి తేటపడే దాకా ఇది చేయాలి.

రెండోది వేడి మందు నీళ్లు. 7 లీటర్ల మరిగే నీళ్లలో 3 లీటర్ల పంపునీళ్లు పోస్తే 75 డిగ్రీలకు అటుఇటుగా ఉంటుంది. 1500 వాట్ల రాడ్‌తో 10 లీటర్లు ఈ వేడికి రావడానికి దాదాపు 22 నిమిషాలు, అర యూనిట్ పైచిలుకు కరెంటు పడుతుంది. కాబట్టి పాలు తీయడం మొదలెట్టేటప్పుడే రాడ్ పెట్టి, తీసేముందు స్విచ్ ఆపండి. ఇందులో డెయిరీ మిషన్ల కోసం అమ్మే క్షారపు పొడి డబ్బా మీద రాసిన కొలత ప్రకారం వేయండి. అది దొరకని రోజు వాషింగ్ సోడా 50 గ్రాములు. గిన్నెల లిక్విడ్, బట్టల పొడి వద్దు. నురగ వాక్యూమ్ గొట్టంలోంచి పంపులోకి ఎక్కుతుంది, వాసన రబ్బరుకు పడుతుంది. లాగించిన నీళ్లను మళ్లీ బక్కెట్లో పోసి 5 నుంచి 10 నిమిషాలు తిప్పితిప్పి లాగించండి. నీళ్లు 40 డిగ్రీల కిందికి చల్లారేలోపు ఆపేయాలి. దాటితే విడిపోయిన వెన్న తిరిగి అంటుకుంటుంది. బకెట్ లోపల, మూత, మూత రబ్బరు వాషర్ కింది గాడి బ్రష్‌తో రుద్దాలి. ఆ గాడి అందరూ వదిలేసే చోటు. స్టీలు పీచు వాడొద్దు, అది పెట్టిన గీతల్లోనే సూక్ష్మజీవులు దాక్కుంటాయి.

మూడోది మంచినీళ్లతో తొలపడం. తర్వాత క్లస్టర్‌ను కప్పుల నోళ్లు కిందికి ఉండేలా, గొట్టాల్లో ఎక్కడా నీరు నిలవకుండా, నీడలో వేలాడదీయండి. బకెట్ బోర్లించి మూత పక్కన పెట్టండి. ఎండలో పెడితే రబ్బరు పగుళ్లిస్తుంది. గొట్టం వంపులో గ్లాసెడు నీళ్లు మిగిలితే మర్నాడు అవి పాలలో కలుస్తాయి, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థం) తగ్గి నీళ్లు కలిపారనే మాట పడాల్సి వస్తుంది.

నాలుగోది క్లోరిన్ నీళ్లు. దీన్ని కడిగిన వెంటనే కాదు, మళ్లీ పాలు తీయడానికి పావుగంట ముందు లాగించాలి. రాత్రంతా తడి గొట్టంలో పెరిగిన సూక్ష్మజీవులు అప్పుడే చస్తాయి. 10 లీటర్ల చన్నీళ్లకు 4 శాతం సోడియం హైపోక్లోరైట్ 50 మిల్లీలీటర్లు. బ్లీచింగ్ పౌడరైతే 7 గ్రాములు కలిపి, తేరుకున్నాక పైతేట మాత్రమే వాడాలి. రెండు నిమిషాలు లాగించి, పూర్తిగా వంపేయండి. కొలత పెంచితే మేలని పెంచకండి. రబ్బరు మెత్తబడి వేళ్లకు నల్లగా అంటడం మొదలవుతుంది. పాత క్లోరిన్ సీసాలో పస ఉండదు, చీకట్లో పెట్టి రెండు మూడు నెలల్లో వాడేసేలా కొనుక్కోండి.

వారానికోసారి

యాసిడ్ కడుగుడు. పాలలోని సున్నం, నీళ్లలోని సున్నం కలిసి తెల్లటి గారగా పడతాయి. వేడి మందు దాన్ని తీయలేదు. మూడో మెట్టు తర్వాత, గోరువెచ్చని 10 లీటర్ల నీళ్లలో డెయిరీ యాసిడ్ క్లీనర్ కొలత ప్రకారం, లేదా నిమ్మ ఉప్పు 50 నుంచి 100 గ్రాములు కలిపి 5 నిమిషాలు లాగించి, మంచినీళ్లతో తొలపండి. అనంతపురం, ప్రకాశం, నల్గొండ లాంటి చోట్ల సబ్బు నురగ రాని బోరు నీళ్లు ఉంటే వారానికి రెండు మూడుసార్లు చేయాలి. యాసిడ్, క్లోరిన్ ఒకే నీళ్లలో ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు లేస్తుంది, మూసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

అదే రోజు లైనర్లు గొట్టాల నుంచి ఊడదీసి, క్లా విప్పి, అన్నీ బ్రష్‌తో కడగండి. తిరిగి వేసేటప్పుడు లైనర్ మెలికపడకుండా పైన, కింద ఉన్న గుర్తులు ఒకే గీతలో ఉండాలి. మెలికపడ్డ లైనర్ సరిగ్గా ముడుచుకోదు. క్లా రంధ్రాన్ని మిషన్‌తో వచ్చిన సూదితోనే శుభ్రం చేయండి, మేకుతో పొడిచి పెద్దది చేయొద్దు. పల్సేటర్‌ను నీళ్లలో ముంచకూడదు, దాని గాలి జాలీని పొడి బ్రష్‌తో దులిపితే చాలు.

టార్చి వేసి లోపల చూస్తే తప్పు ఎక్కడుందో మురికే చెబుతుంది. వేలికి జిడ్డుగా తగిలి, నీళ్లు బొట్లుబొట్లుగా నిలిస్తే వెన్న మిగిలింది. నీళ్ల వేడి గానీ మందు గానీ చాలడం లేదు. గరుకుగా, సుద్దలా తెల్లగా ఉంటే గార, యాసిడ్ కావాలి. స్టీలు మీద ఇంద్రధనుస్సు ఛాయలో, పసుపుపచ్చ పొరలో ఉంటే మాంసకృత్తులు అంటుకున్నట్టు. మొదటి నీళ్లు మరీ వేడిగా పోశారు, లేదా మందులో క్లోరిన్ లేదు. ఎర్రగోధుమ మరకలైతే బోరు నీళ్లలోని ఇనుము.

మార్చాల్సినవి, మొరాయించినప్పుడు చూడాల్సినవి

రబ్బరు లైనర్ల ఆయుష్షు 2500 పితుకుళ్లు లేదా 6 నెలలు, ఏది ముందైతే అది. 10 పశువులు, రెండుపూటలు, ఒకే క్లస్టర్ అంటే రోజుకు 20. లెక్కకు 125 రోజులు, నాలుగు నెలలు. నాలుగు పశువులైతే లెక్కకు పది నెలలు వస్తాయి గానీ ఆరో నెలలోనే మార్చాలి. తక్కువసార్లు వాడినా రబ్బరు వెన్నను పీల్చి సాగుతుంది. నాలుగూ ఒకేసారి మార్చండి. సిలికాన్ లైనర్ ఎక్కువ కాలం వస్తుంది, కానీ చిన్న గాటు పడితే చిరిగిపోతుంది. ఇంట్లో ఎప్పుడూ ఒక జత లైనర్లు, నాలుగు చిన్న గాలి గొట్టాలు, మూత వాషర్, పల్సేటర్ డయాఫ్రం, బెల్టు, పంపు ఆయిల్ ఉంచుకోండి. పాల గొట్టం పగిలితే తోట గొట్టం ముక్క తగిలించకండి, పాలకు ఆ వాసన వస్తుంది.

గేజీ ఎక్కడం లేదంటే ముందు మూత వాషర్, తర్వాత గొట్టాల అతుకులు, బెల్టు బిగువు, ఆఖర్న రెగ్యులేటర్ జాలీలో దుమ్ము చూడండి. పంపును విప్పడం అన్నింటికన్నా చివర. కప్పులు జారుతుంటే లైనర్ సైజు, చన్నుల తడి. నాలుగింటిలో ఒక చన్ను పాలే నెమ్మదిగా వస్తుంటే ఆ కప్పు చిన్న గాలి గొట్టంలో చీలిక ఉంటుంది. తీశాక చన్నులు ఎర్రగానో నీలంగానో ఉండి, చన్ను మొదలు దగ్గర రింగులా వాచి ఉంటే లాగుడు ఎక్కువైంది, లేదా పాలు ఆగాక కూడా కప్పులు ఉంచేశారు. క్లా నిండిపోయి పాలు బకెట్‌కు పోకపోతే ఆ చిన్న రంధ్రం. బకెట్ పొంగి పాలు వాక్యూమ్ గొట్టంలోకి పోయాయనుకోండి, అదే పూట గొట్టం విప్పి వేడి మందు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి, పంపు ఆయిల్ తెల్లగా మారితే మార్చేయాలి. వదిలేస్తే రెండు రోజుల్లో ఆ పులిసిన వాసన లాగుడు దారిన తిరిగి బకెట్‌లోకి వస్తుంది, తాజా పాలు కాచేసరికే విరుగుతాయి.